అరవై కార్లు, నడిచేవి నాలుగు

1967 ఏప్రిల్ 6వ తేదీన హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ముకర్రం జా గారికి ఎనిమిదవ నిజాముగా పట్టాభిషేకం జరిగినది. అంతకు నెలన్నర ముందు, ఫిబ్రవరి 24న, వారి తాతగారు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారు కన్నుమూసినారు. రాజ్యం పోయి అప్పటికి 19 ఏళ్లు అయినా బిరుదు మిగిలి ఉండెను, ప్యాలెస్‌లు మిగిలి ఉండెను, వాటి ఖర్చులూ మిగిలి ఉండెను. ఉత్సవం ముగిసిన తర్వాత కొత్త నిజాం గారు బయలుదేరవలసిన కారు చెడిపోయి నిలిచిపోయినది. లోకంలోకెల్లా ధనవంతుడని పేరు పొందిన వారి మనుమడు పట్టాభిషేకం నాడు బండి కదలక ఆగవలసి వచ్చినదంటే వినేవారికి విడ్డూరంగా ఉంటుంది. మెకానిక్ పని తెలిసినవారికి మాత్రం ఇందులో వింత ఏమీ కనబడదు.

ఆ నాటికి నిజాం గారి షెడ్లలో 60 కార్లు ఉన్నవనీ, వాటి పెట్రోలుకు, విడిభాగాలకు సాలుకు 90 వేల డాలర్లు ఖర్చు చూపేవారనీ, అన్నింటిలో నడిచేవి నాలుగేననీ ముకర్రం జా గారి జీవితం గురించి వ్రాసినవారు చెప్తారు. అప్పుడు డాలరుకు ఏడున్నర రూపాయలు. ఆ లెక్కన 6 లక్షల 75 వేల రూపాయలు. బండికి 11,250 పడినది. నడిచే నాలుగింటికే పంచితే ఒక్కొక్కదానికి లక్షా 68 వేలు దాటుతుంది. ఇంత డబ్బు పోసినా 56 కార్లు ఎందుకు కదలలేదు?

నౌకర్లు తినేసినారు అని ఒక్క మాటతో తేల్చేవారున్నారు. కొంత నిజం ఉండవచ్చు. పెట్రోలు లెక్క ఎవరు వ్రాస్తే వారిది. కానీ అంతమాత్రాన బండ్లు ఆగవు. పాత కారును, అందులో గొప్ప కారును, ఇంట ఉంచుకోవడం వేరు, నడిపించుకోవడం వేరు. మొదటిదానికి డబ్బు చాలును. రెండవదానికి చేతులు కావాలి. ఆ చేతుల సంగతి మన చరిత్రలో ఎవరూ పెద్దగా వ్రాయలేదు కాబట్టి ఇక్కడ కొంత వ్రాయదలచినాము.

ముందుగా ఆ అరవైలోకెల్లా పేరున్న బండి సంగతి. చౌమహల్లాకు వెళ్లినవారు అద్దాల వెనుక నిలబెట్టిన పసుపు పచ్చని రోల్స్ రాయిస్‌ను చూసే ఉంటారు. పిల్లలు దాన్ని విడిచి రారు. సిల్వర్ ఘోస్ట్ అనే రకం అది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారి కాలంలో, 1911లో, ఆర్డరు ఇచ్చిన బండి అంటారు. వారు అదే సంవత్సరం ఆగస్టు 29న కాలం చేసినారు. బండి 1912లో తయారై కొడుకు గారి చేతికి వచ్చినది. తండ్రి కోరుకున్నది కొడుకు ఎక్కినాడు. పసుపు రంగు ఊరికే వేయించినది కాదు, ఆసఫ్ జాహీ జెండా రంగు అది. వెనుక సీటు మామూలు సీటు కాదు. జనానికి కనబడేటట్టు ఎత్తుగా, సింహాసనం పద్ధతిలో చేయించినారు. అందుకే ఇంగ్లీషువారు దానిని సింహాసనపు కారు అనే అర్థంలో పిలిచినారు.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ ఇంజను, చాసిస్ మాత్రమే తయారు చేసేది. పైన బాడీ కట్టేది వేరే వారు. ఈ బండికి కట్టినవారు లండనులోని బార్కర్ అనే పాత గుర్రపు బగ్గీల కంపెనీ. మన బెజవాడ ఆటోనగరులో లారీలకు జరిగేది అచ్చం ఇదే. ఫ్యాక్టరీ నుండి క్యాబిన్ లేని చాసిస్ వస్తుంది, డ్రైవరు మొహానికి గుడ్డ చుట్టుకొని దాన్ని తోలుకొని వస్తాడు, ఇక్కడ మనవాళ్లు చెక్క, రేకు పెట్టి బాడీ కడతారు. రాజుగారి కారైనా, మిరపకాయల లారీ అయినా పుట్టుక ఒకే రకం. తేడా చెక్కలోనూ రేకులోనూ కూలిలోనూ ఉన్నది.

ఆ పసుపు కారు మొత్తం జన్మలో తిరిగినది 356 మైళ్లే అని చెప్తారు. అంటే సుమారు 570 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి బెజవాడకు ఒకసారి పోయి వస్తే అయిపోయే దూరం. వేడుకలకు, దర్బారు దినాలకు బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టేవారు. చూసేవారు దీన్ని గొప్పగా చెప్పుకుంటారు, అంత తక్కువ తిరిగినది కాబట్టి కొత్తదానిలాగా ఉన్నదని. మా అభిప్రాయం వేరు. తక్కువ తిరగడమే పాత కారుకు మొదటి రోగం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతవని మన పెద్దలన్నారు. కారు నిలబడి తింటుంది.

ఎలాగంటారా? బండిని ఆరు నెలలు కదలకుండా ఉంచండి. కార్బురేటరులోని పెట్రోలు ఆవిరై, అడుగున జిగురు మిగులుతుంది. సన్నని జెట్లు మూసుకుంటవి. టైర్ల మీద బరువు ఒకేచోట పడి అక్కడ చదునై, తర్వాత ఎంత గాలి కొట్టినా గుండ్రం కావు. రబ్బరు ఎండి పగులుతుంది. సిలిండరు గోడల మీది ఆయిలు పల్చటి పొర దిగిపోయి రింగులు తుప్పు పట్టి అతుక్కుంటవి. బ్యాటరీ ఉన్న బండ్లలో అది చచ్చిపోతుంది. ఎలుకలు సీట్లలో కాపురం పెడతవి. వానాకాలంలో తేమ పట్టి లోపలి చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలంలో బిగుసుకుంటుంది, నాలుగేళ్లకు మేకులు వదులవుతవి. బార్కరు వంటివారి బాడీలన్నీ లోపల చెక్క చట్రం మీద రేకు పరిచి కట్టినవే. పైన రంగు తళతళలాడుతుంటే లోపల చట్రం పొడి అయిపోయిన కార్లు ఎన్నో. యజమానికి ఆ సంగతి తలుపు ఊడి చేతికి వచ్చిన రోజున తెలుస్తుంది.

ఇప్పుడు ఆ 56 కార్ల సంగతి అర్థమవుతుంది. ఉస్మాన్ అలీ ఖాన్ గారు పొదుపరి, ఎంత పొదుపరి అన్నది లోకానికి తెలిసినదే. బండ్లు అమ్మరు, వాడరు. అవి ఒక్కొక్కటీ షెడ్డులో నిలబడి చనిపోయినవి. ఒకదానికి విడిభాగం కావలసి వస్తే పక్కదాని నుండి ఊడదీస్తారు, ఏ షెడ్డులోనైనా జరిగేది ఇదే. అలా నాలుగు బ్రతకడానికి పది చావాలి.

నిజాం గారి రోల్స్ రాయిస్ అనగానే ఒక కథ వినబడుతుంది. లండనులో దుకాణం వాడు రాజుగారిని గుర్తుపట్టక అవమానించినాడట, రాజుగారు కోపం వచ్చి ఆరు కార్లు కొని వాటికి చీపుర్లు కట్టించి ఊరి చెత్త ఎత్తించినాడట. ఈ కథ హైదరాబాదులో నిజాం గారి పేర చెప్తారు. ఉత్తరాదిన ఆల్వారు మహారాజు పేర చెప్తారు, పటియాలా వారి పేర కూడా చెప్తారు. ముగ్గురు యజమానులున్న కథ ఎవరిదీ కాదు. దీనికి కాగితం మీద ఆధారం మేము ఎక్కడా చూడలేదు. చెత్త బండి చక్రాలకు అంత ఖరీదైన టైర్లు అరగదీసే నవాబు ఎవరైనా ఉండవచ్చు గానీ, ఉస్మాన్ అలీ ఖాన్ గారు మాత్రం కారు.

సరే, ఆ బండిని నడిపించాలంటే ఏమి పని ఉండేదో చూద్దాము. సిల్వర్ ఘోస్ట్ ఇంజనులో ఆరు సిలిండర్లు, మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా పోతపోసినవి. 1910 తర్వాతి బండ్లలో ఇంజను సామర్థ్యం 7,428 సి.సి. మన అంబాసిడరు ఇంజనుకు దాదాపు అయిదింతలు. సెల్ఫ్ లేదు. ఆ కంపెనీ సిల్వర్ ఘోస్టులకు సెల్ఫ్ పెట్టినది 1919లో. ముందు నిలబడి హ్యాండిలు కొట్టాలి. కొట్టే ముందు స్టీరింగు దగ్గరి మీటతో స్పార్కును వెనక్కి జరపాలి. అది మరచి కొడితే ఇంజను ఎదురు తిరిగి హ్యాండిలుతో మణికట్టు విరగ్గొడుతుంది. ప్రతి సిలిండరుకు రెండు ప్లగ్గులు, ఒకటి మాగ్నెటోతో, ఒకటి కాయిల్‌తో మండుతుంది. ఒకటి చెడినా రెండవదానితో ఇల్లు చేరవచ్చు. పెట్రోలు ట్యాంకు వెనుక ఉంటుంది. బయలుదేరే ముందు చేతి పంపుతో ట్యాంకులోకి గాలి కొట్టి ఒత్తిడి పెంచితేనే పెట్రోలు ముందుకు వస్తుంది. బ్రేకులు వెనుక చక్రాలకు మాత్రమే. ముందు చక్రాలకు బ్రేకులు రావడానికి ఇంకా పన్నెండేళ్లు పట్టినది. రెండు టన్నుల పైచిలుకు బండిని, పైన రాజుగారిని కూర్చోబెట్టుకొని, ఊరేగింపు జనం మధ్య, వెనుక బ్రేకుల మీద ఆపిన ఆ డ్రైవరు ఎవరో మనకు తెలియదు.

నూనె పట్టించడం ఇంకొక నిత్యకృత్యం. ఇప్పటి బండ్లలో కీళ్లన్నీ మూసి ఉంటవి. ఆ నాటి బండి కింద పదుల కొద్దీ చోట్ల నూనె చుక్కలు వేయాలి, గ్రీజు కప్పులు తిప్పాలి. కొన్ని రోజూ, కొన్ని వారానికి. కమాను పట్టీల మధ్య గ్రీజు ఎండితే బండి కీచుమంటుంది, రాజుగారి కారు కీచుమనకూడదు. ఆ కాలపు చాలా కార్లలో క్లచ్ గరాటు ఆకారంలో ఉండి దాని మీద తోలు తొడిగి ఉంటుంది. తోలు ఎండితే క్లచ్ ఒక్కసారిగా పట్టి బండి ఎగిరి దూకుతుంది, మరీ తడిస్తే జారుతుంది. దానికి మందు ఆముదం. మన పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే ఆముదమే. విలాయతీ కారుకు దేశవాళీ వైద్యం.

ఇంజను లోపలి బేరింగుల పని అన్నింటికన్నా కష్టమైనది. ఇప్పుడు బేరింగు అరిగితే దుకాణానికి పోయి డబ్బా తెచ్చుకుంటాము. అప్పుడు అలా కాదు. తగరం, రాగి, ఆంటిమొనీ కలిపిన వైట్ మెటల్‌ను కరిగించి గుల్లలో పోయాలి. వేడి ఎక్కువైతే పాడు, తక్కువైతే అంటదు. కొలిమి దగ్గర మిస్త్రీలు ఎండిన పుల్లను ముంచి, అది నల్లబడిన తీరు చూసి వేడి చెప్పగలరు. పోసిన తర్వాత లేత్ మీద బోరు తీసి, షాఫ్టుకు నీలి రంగు పూసి, బిగించి తిప్పి, విప్పి, రంగు అంటిన చోటనల్లా గీకుడు కత్తితో వెంట్రుక వాసి గీకుతారు. మళ్లీ పూసి, మళ్లీ బిగించి, మళ్లీ గీకుతారు. రంగు అంతటా సమంగా అంటేదాకా ఇదే పని. ఒక్కొక్క బేరింగుకు రోజంతా పట్టవచ్చు. ఈ పని పుస్తకం చదివి వచ్చేది కాదు. ఉస్తాద్ పక్కన ఏళ్ల తరబడి కూర్చోవాలి.

మన ఉస్తాద్, షాగిర్దుల పద్ధతి ఇక్కడ చెప్పుకోవలసి ఉన్నది. పది పన్నెండేళ్ల పిల్లవాడు షెడ్డులో చేరతాడు. మొదటి సంవత్సరం వాడి పని కిరోసిన్‌లో సామాన్లు కడగడం, చాయ్ తేవడం. పానాలు అందివ్వడం తర్వాత వస్తుంది. ఉస్తాద్ బండి కింద పడుకొని చెయ్యి చాపితే అడగకుండానే సరైన పానా అందించాలి, అక్కడ ఇంగ్లీషు బండ్లకు అంగుళాల లెక్క, సూతుల లెక్క. తప్పు పానా అందిస్తే అదే పానాతో దెబ్బ. జీతం ఉండదు, పండుగకు ఒక జత బట్టలు. మూడు నాలుగేళ్లకు గానీ ఇంజను మీద చెయ్యి వేయనివ్వరు. ఈ పద్ధతిలోని మోటుతనాన్ని మేము పొగడము. పిల్లల చదువు దీనివల్ల ఎంత పోయినదో అందరికీ తెలిసినదే. కానీ మన ప్రాంతంలో పాత కార్ల విద్య బ్రతికినదీ దీనివల్లనే అన్నది కాదనలేము.

హైదరాబాదులో ఈ విద్యకు ప్యాలెస్ షెడ్లు ఒక్కటే పాఠశాల కాదు. 1932లో నిజాం ప్రభుత్వం రైల్వేకు అనుబంధంగా బస్సులు మొదలుపెట్టినది. ఆల్బియన్ కంపెనీ బస్సులు 27, సిబ్బంది 166 మంది. మన ఆర్టీసీకి మూలం అది. బస్సులు వచ్చిన తర్వాత ఫిట్టర్లు, టర్నర్లు, కమ్మరులు, వడ్రంగులు జీతానికి కుదిరి పని నేర్చుకునే చోటు ఏర్పడినది. 1942లో ప్రభుత్వ పరిశ్రమల నిధి, అల్లాఉద్దీన్ అండ్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టినవి. బస్సులకు బాడీలు కట్టినది వారే. ప్రాగా టూల్స్ మరుసటి సంవత్సరం వచ్చినది. పగలు ఈ వర్కుషాపుల్లో పనిచేసి సాయంత్రం సొంత పని చూసుకునేవారికి నగరంలో కొదువ ఉండలేదు. రాజుగారి రోల్స్‌కు, ఆర్టీసీ బస్సుకు మందు ఒకరే ఇస్తుండిరి అనుకోవడంలో తప్పు లేదు. ఆల్విన్ ఇప్పుడు లేదు. ఆ పేరు తెలిసిన ముసలివారు ఇంట్లో ఉన్న పాత ఫ్రిజ్ చూపిస్తారు.

1948 సెప్టెంబరు 17న రాజ్యం పోయినది. మరుసటి సంవత్సరం ఆగస్టులో జాగీర్లు రద్దయినవి. జాగీర్దార్ల ఇండ్లలో అప్పటిదాకా కార్లకు, డ్రైవర్లకు, కడిగేవారికి గ్రామాల నుండి వచ్చిన డబ్బు ఒక్కసారి ఆగినది. ముందుగా అమ్మకానికి వచ్చినవి కార్లే. నగలు అమ్మడానికి ఇంటి ఆడవారు ఒప్పుకోరు, హవేలీ అమ్మడానికి మగవారికి సిగ్గు, కారు అయితే రాత్రిపూట వెనుక గేటు నుండి పంపవచ్చు. అప్పుడు కొనేవారికి కూడా ఆ బండ్ల మీద ప్రేమ లేదు. పెట్రోలు తాగే పెద్ద ఇంజను ఎవరికి కావాలి? కొన్నింటి వెనుక భాగం కోసి సామాన్ల బండ్లు చేసినారు. కొన్ని పెండ్లి ఊరేగింపులకు అద్దెకు తిరిగినవి. కొన్ని ఇనుము తూకానికి పోయినవి. 1957లో సంపద పన్ను, 1971లో రాజభరణాల రద్దు, ఒక్కొక్క దెబ్బకూ దేశమంతటా సంస్థానాల షెడ్ల తలుపులు తెరుచుకున్నవి. విదేశీ వ్యాపారులు వచ్చి కారుచౌకగా కొని ఓడలకు ఎక్కించినారు. కారుచౌక అన్న మన మాట ఇక్కడ రెండు విధాల సరిపోయినది. 1972లో పాత కార్ల ఎగుమతిని ప్రభుత్వం నిషేధించినది. అప్పటికే పోయినవి పోయినవి.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే షెడ్లలోని మనుషులు కూడా పోవడం మొదలైనది. 1973 తర్వాత గల్ఫ్ దేశాల్లో నూనె డబ్బు పొంగినది. అక్కడ మెకానిక్‌లు కావాలి. హైదరాబాదు పాత బస్తీ నుండి, కడప నుండి, మన జిల్లాల నుండి ఎంతమంది పానాల సంచీ పట్టుకొని బొంబాయి విమానం ఎక్కినారో ప్రతి వీధికీ తెలుసు. పోయినవారు తప్పు చేయలేదు. చెల్లెళ్ల పెండ్లిండ్లు చేసినారు, ఇండ్లు కట్టినారు. కానీ ఉస్తాద్ దగ్గర సగం నేర్చిన షాగిర్దు జెద్దాలో కొత్త టయోటాలకు ఫిల్టర్లు మార్చుతూ ఉండిపోయినాడు. ఇక్కడ ఉస్తాద్‌కు ముసలితనం వచ్చినది. వైట్ మెటల్ పోసే విద్య మధ్యలో తెగినది.

మా ఎరుకలో ఒక పెద్దాయన ఉండేవారు. పేరు చెప్పము, వారి పిల్లలకు ఇష్టముండదు. చూపు మందగించిన తర్వాత కూడా కారు వీధి మలుపు తిరుగుతుండగానే ఏ సిలిండరు సరిగా మండడం లేదో చెప్పేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపల ఏ బేరింగు ఏడుస్తున్నదో తెలిసేది. అడిగితే డాక్టరు గారి స్టెతస్కోపు కూడా ఇదే గదా అనేవారు. ఒక్క ముక్క వ్రాసి పెట్టలేదు. వ్రాయడం వారికి రాదు, వ్రాసుకోవాలని మాకూ ఎవరికీ తోచలేదు.

దీనికి ఎదురుగా ఇంకొక సంగతి చూడండి. రోల్స్ రాయిస్ కంపెనీ తాను చేసిన ప్రతి చాసిస్‌కు ఒక కార్డు వ్రాసి పెట్టినది. ఏ నంబరు, ఎవరు ఆర్డరు ఇచ్చినారు, బాడీ ఎవరు కట్టినారు, ఏ రోజున పంపినారు, ఏ ప్రత్యేకమైన కోరికలు కోరినారు, అన్నీ. ఆ కార్డులు ఇప్పటికీ ఇంగ్లండులో ఆ కార్ల అభిమానుల క్లబ్బు వారి దగ్గర భద్రంగా ఉన్నవి. వందేండ్ల కింద హిందూస్తాన్‌కు వచ్చిన బండి పుట్టుక వివరాలు అడిగితే ఈనాడూ చెప్తారు. ఆ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన హెన్రీ రాయిస్ పేదవాడు. పిల్లప్పుడు పత్రికలు అమ్మినాడు, టెలిగ్రాములు పంచినాడు, రైల్వే వర్కుషాపులో పని నేర్చుకుంటూ ఫీజుకు డబ్బు లేక మధ్యలో మానినాడు. ఎంత పేరు వచ్చినా తన వృత్తి మెకానిక్ అనే చెప్పుకునేవాడు. బండిని చేసిన మెకానిక్‌కు సర్ బిరుదు, విగ్రహాలు. బండిని అక్కడి నుండి వేల మైళ్ల దూరంలో, మాన్యువల్ చదవలేక, విడిభాగం దొరకక, చేత్తో చేసి నడిపించిన మెకానిక్‌కు ఒక కార్డు ముక్క కూడా లేదు.

చౌమహల్లా విషయంలో అదృష్టం కొంత మేలు చేసినది. ముకర్రం జా గారి మాజీ భార్య ఎస్రా గారు పూనుకొని ప్యాలెస్‌ను బాగు చేయించినారు. 2005లో జనానికి తెరిచినారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చినది. కొన్ని కార్లు కూడా మళ్లీ రంగు, రూపు పొందినవి. పసుపు రోల్స్ పక్కన 1947 నాటి బ్యూక్ కూడా అక్కడ ఉన్నది.

ఈ రెండు బండ్ల మధ్య ఒక చిత్రమైన తేడా చెప్తాము. పెట్రోలులో సీసం కలపడం 1923లో అమెరికాలో మొదలైనది. 2000 ఫిబ్రవరి నుండి మన దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. సీసం వాల్వు సీట్లకు మెత్తలాగా పనిచేసేది. బ్యూక్ సీసం పాలు తాగి పెరిగినది, అది లేకపోతే దాని వాల్వులకు కష్టం. 1912 నాటి రోల్స్ సీసం పుట్టకముందే పుట్టినది, దానికి లేకపోయినా ఫరవా లేదు. పెద్దదానికి లేని జబ్బు చిన్నదానికి. కానీ కొత్త ఇబ్బంది రెండింటికీ సమానమే. 2022 నాటికి పెట్రోలులో 10 శాతం, 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపినారు. ఇది తేమను పీలుస్తుంది. పాత రబ్బరు గొట్టాలను, ట్యాంకులో వేసిన పాత పూతలను కరగదీస్తుంది. నిలబెట్టిన బండి ట్యాంకులో నీరు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. మునుపు నెలకొకసారి ఇంజను తిప్పితే చాలుననేవారు. ఇప్పుడైతే ఎక్కువ రోజులు నిలబెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి పెట్టడం మంచిదని తెలిసినవారు చెప్తున్నారు.

చట్టం కూడా ఇప్పుడు ఈ బండ్లను గుర్తించినది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం 50 ఏండ్లు దాటిన వాహనాలకు వేరుగా నిబంధనలు తెచ్చినది. నంబరు ప్లేటులో వి.ఎ. అనే అక్షరాలు వస్తవి. కొత్త రిజిస్ట్రేషనుకు 20 వేల రూపాయలు, పదేండ్లు చెల్లుతుంది. పొడిగింపుకు 5 వేలు. అసలు రూపం మార్చి ఉండకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి రోడ్డు మీదికి తీయవచ్చు, రోజూ వాడకానికి, కిరాయికి కాదు. నిబంధనలు బాగానే ఉన్నవి. బండికి గుర్తింపు వచ్చినది. వైట్ మెటల్ పోయగల మనిషికి ఏ రిజిస్ట్రేషనూ ఏ సర్టిఫికెటూ లేదు. ఐ.టి.ఐ.లలో నేర్పేది కొత్త బండ్ల పని, అది న్యాయమే, అన్నం పెట్టేది అదే. పాత విద్యకు మాత్రం చోటు ఎక్కడా లేదు.

నవాబుల కార్లు మనకెందుకు అనేవారికి ఒక మాట. ఈ మధ్య మన పిల్లలు ఇరవై ఏండ్ల పాత బెంజి కారును కొత్త చిన్న కారు ధరకు, ఒక్కొక్కప్పుడు ఇంకా తక్కువకు కొని తెచ్చుకుంటున్నారు. చుట్టాలందరూ చూడవస్తారు. లెక్క మాత్రం 1967 నాటిదే. కారు ధర ఏటేటా దిగుతుంది, దాని విడిభాగం ధర దిగదు. యాభై లక్షల కారుకు చేసిన గేర్‌బాక్సు అయిదు లక్షల కారులో ఉన్నా గేర్‌బాక్సు ఖరీదు యాభై లక్షల కారుదే. పైగా ఇప్పుడు సగం రోగాలు వైరులోనూ కంప్యూటరులోనూ ఉన్నవి, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుంటే వినబడవు. కొనే ముందు బండిని చూపించవలసింది అమ్మేవాడికీ బంధువులకూ కాదు, ఆ రకం బండి నిత్యం విప్పే మిస్త్రీకి. అతను దొరకకపోతే ఆ బండి వద్దు. అతను దొరికితే బండి ఏదైనా కొంత ఆలోచించవచ్చు.

ముకర్రం జా గారి సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటాము. అరవై కార్లలో నాలుగే నడిచిన ఇంటికి యజమాని అయిన ఆయనకు స్వతహాగా యంత్రాలంటే ప్రాణం. 1970ల మొదట్లో ఆస్ట్రేలియా పశ్చిమ తీరాన మర్చిసన్ హౌస్ అనే గొర్రెల క్షేత్రం, లక్షల ఎకరాలు, కొనుక్కొని అక్కడే చాలా ఏండ్లు గడిపినారు. బుల్డోజరు స్వయంగా నడిపేవారు, చెడితే చేతులు నలుపు చేసుకొని తామే విప్పేవారు. ఇస్తాంబుల్‌లో 2023 జనవరి 14న మరణించినారు. పార్థివ దేహాన్ని హైదరాబాదుకు తెచ్చి చౌమహల్లాలో జనం చూపుకు ఉంచి, మక్కా మసీదులో ఖననం చేసినారు. ఆ రోజు వరుసలో నిలబడినవారిలో పాత షెడ్ల నౌకర్ల కొడుకులు, మనుమలు కూడా ఉండి ఉంటారు.

అట్టి కుటుంబాలు మన పాఠకుల్లో ఉంటే మేము కోరేది ఇంతే. ప్యాలెస్ షెడ్డులో గానీ, జాగీర్దారు ఇంట గానీ, బస్సుల వర్కుషాపులో గానీ పనిచేసిన మీ నాన్న, తాతల ఫోటో, జీతం చీటీ, లైసెన్సు, అరిగిన గీకుడు కత్తి, ఏదైనా ఇంట్లో ఉంటే పారవేయకండి. ఫోటో వెనుక పేరు, ఊరు, ఏ బండి మీద పనిచేసినారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్న నాలుగు ముక్కలు పెన్సిలుతోనైనా వ్రాసి పెట్టండి. ఇంకు అయితే ఫోటో ముందువైపుకు దిగుతుంది.